లప్పం వాసన

మొన్న ఆదివారం పొద్దున్నే ఒకావిడ మా గేటు ముందు ఆటో దిగింది. పాత దుప్పట్లో చుట్టిన పలకొకటి చేతుల్లో ఉంది. దాన్ని పడుకోబెట్టలేదు, గుండెలకి ఆనించి నిలువుగా పట్టుకుంది. ఈమెకెవరో సరిగ్గా చెప్పి పంపారనుకున్నాను. సీసం పట్టీలతో బిగించిన గాజు పలకని అడ్డంగా మోస్తే దాని బరువుకే నడుం విరుగుతుంది. నా దగ్గర నేర్చుకోడానికొచ్చిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు నేను చెప్పే మొదటి మాట అదే.

"నాన్న పోయి నలభై రోజులైందండీ. ఇల్లు బిల్డరుకి ఇచ్చేశాం. కిటికీ తీస్తుంటే ఇది పడింది. నిలబెట్టే మొయ్యాలని నాన్న ఎప్పుడూ అనేవారు. మీ పేరు డైరీలో ఉంది" అంది.

దుప్పటి విప్పకుండానే తెలిసింది అదేమిటో.

బల్లమీద పెట్టి, వంగిపోయిన సీసం పట్టీని చాకుమొనతో లేపితే లోపలి లప్పం పొడిపొడిగా రాలింది. వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సన్నగానే కానీ ఉంది, అవిసె నూనె వాసన. సుద్దపొడి, అవిసె నూనె, దీపపు మసి. మా అమ్మమ్మ కాటుక పట్టడానికి ప్రమిద మీద బోర్లించిన పళ్ళానికి అంటుకునే మసిలాంటిదే. ఆ మూడూ కలిపి ముద్ద చేసి, గాజుకీ సీసానికీ మధ్య సందుల్లోకి బ్రష్షుతో కూరేవాళ్ళం. వాన రాకుండా, గాలికి గాజు గలగలలాడకుండా. ఆ వాసన తగలగానే నేను మా మేడమీది రేకుల గదిలోకి వెళ్ళిపోయాను.

* * *

మారేడుపల్లిలో మా ఇంటి మేడమీద ఉండేదా గది. మధ్యలో రెండు పొడవాటి బల్లలు, గోడవారగా చెక్క అరల్లో నిలబెట్టిన రంగుగాజు పలకలు. తూర్పు కిటికీలో ఎప్పుడూ ఏదో ఒక ముక్క వేలాడుతుండేది. శనాదివారాలు సాయంత్రం మూడింటి నుంచి ఆరింటిదాకా రంగుగాజు కిటికీ పలకలు చెయ్యడం నేర్పే క్లాసు. ఒక్కో బ్యాచికి ఎనిమిదిమందే, ఎందుకంటే బల్లల మీద ఎనిమిది ప్లైవుడ్ చెక్కలే పట్టేవి. అందరూ పెద్దవాళ్ళే. ముప్ఫై దాటినవాళ్ళు, అరవై దాటినవాళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళు చేసి ఇక మనకోసం ఏదైనా నేర్చుకుందామని వచ్చినవాళ్ళు.

నేను ఈ పని మద్రాసులో నేర్చుకున్నాను. మా గురువుగారు చర్చి కిటికీలు బాగుచేసే మనిషి. ఎక్కువ మాట్లాడేవారు కాదు. పక్కన నిలబెట్టుకుని చేసి చూపించేవారు, చూసి నేర్చుకోవడమే. పెద్దవాళ్ళకి నేర్పేటప్పుడు మాత్రం అది సరిపోలేదు. వాళ్ళకి ప్రతిదానికీ 'ఎందుకు' కావాలి. ఎందుకో తెలిస్తే చెయ్యి దానంతటదే కదులుతుంది. అది నాకు వాళ్ళే నేర్పారు.

ఆ గది చప్పుళ్ళు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. తడి సానరాయి మీద గాజు అంచు రుద్దే గరగర, తెగిన ముక్కలు చెత్తడబ్బాలో పడ్డప్పుడు గలగల, దూరాన సికింద్రాబాద్ స్టేషన్ నుంచి రైలు కూత. కరెంటు పోతే సోల్డరింగ్ ఐరన్లన్నీ మెల్లగా చల్లారిపోయేవి. అప్పుడు కోత పని తీసేవాళ్ళం, పగటి వెలుతురున్నంతసేపూ.

* * *

మొదటిరోజు అందరి ముందూ మామూలు కిటికీ అద్దం ముక్కలు పెట్టేదాన్ని. రంగుగాజు కాదు, పోయినా పర్వాలేని తెల్లగాజు. గాజు కోసే కట్టర్ చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి, పెన్నులా పట్టుకుని, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకే గీత. అంతే పని. కానీ ఆ ఒక్క గీతకి ఎనిమిదిమందీ ఊపిరి బిగబట్టేవాళ్ళు. చిన్నప్పటినుంచీ 'అద్దం, జాగ్రత్త, పగుల్తుంది' అని వింటూ పెరిగిన చేతులవి. కావాలని పగలగొట్టమంటే ఎలా వస్తుంది?

భయపడ్డ చెయ్యి గట్టిగా నొక్కుతుంది. గట్టిగా నొక్కితే గీత తెల్లగా, ఇసుక చల్లినట్టు పడుతుంది. చూడ్డానికి బాగా తెగిందనిపిస్తుంది కానీ విరిచినప్పుడు దాని ఇష్టమొచ్చిన దారిన పోతుంది. మంచి గీత కంటికి సరిగ్గా ఆనదు. వెలుతురులో వాలుగా చూస్తే వెంట్రుకంత మెరుపు. దాన్ని చెవితో పట్టుకోవాలి. పాత పట్టుచీర చింపితే వచ్చే చప్పుడు, సన్నగా, ఎక్కడా తెగకుండా. అందుకే రెండోవారం కళ్ళు మూసుకుని వినమనేదాన్ని. ఒకరు గీస్తుంటే మిగతా ఏడుగురూ కళ్ళు మూసుకుని 'ఇక్కడ తగ్గింది', 'ఇప్పుడు ఎక్కువైంది' అని చెప్పేవాళ్ళు.

గీసిన గీత మీద రెండోసారి గీయకూడదు. గాజు చెడుతుంది, చక్రమూ చెడుతుంది. ఈ మాట వినగానే పెద్దవాళ్ళ మొహాలు ఒక్కసారి గంభీరమయ్యేవి. ఎవరికేం గుర్తొచ్చేదో నేనడగలేదు.

గీశాక గీతకి అటూ ఇటూ బొటనవేళ్ళు పెట్టి, పిడికిళ్ళు కలిపి, అప్పడం విరిచినట్టు బయటికి తిప్పాలి. టక్‌మని రెండు ముక్కలు. అంచు నీళ్ళలా నున్నగా. ఆ టక్ వినపడగానే వాళ్ళు తలెత్తి నావైపు చూసేవాళ్ళు. అరవైరెండేళ్ళ మనిషి మొహంలో ఆరేళ్ళ పిల్లాడు కనపడేవాడు. ఆ చూపుకోసమే నేను అన్నేళ్ళు ఆ మెట్లెక్కాను.

* * *

ఒక బ్యాచిలో టైలరింగ్ చేసే అక్కయ్య ఉండేది. పగలంతా మిషన్ తొక్కి, ఆదివారం ఒక్కపూట ఇక్కడికొచ్చేది. నమూనా కాగితాన్ని ముక్కలుగా కత్తిరించడానికి మాకొక ప్రత్యేకమైన కత్తెర ఉంటుంది. కింద రెండు ఆకులు, పైన ఒకటి. గీత వెంబడి కత్తిరిస్తుంటే మధ్యలోంచి సన్నటి కాగితపు పోగు ఊడి వస్తుంది. సీసం పట్టీ అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. నడిమి గోడ మందం ఎంతో, అంత చోటు రెండు గాజుల మధ్య వదలాలి. వదలకపోతే ముక్కముక్కకీ కొంచెం కొంచెం పెరిగి చివరికి పలక చట్రంలో పట్టదు. ఇది నేను ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా సగంమందికి ఎక్కేది కాదు.

అక్కయ్య ఆ కాగితపు పోగుని వేలికి చుట్టుకుని చూసింది. "కుట్టుకి వదిలే గుడ్డే కదా మేడం ఇది? మేం అంచులో కలుపుకుంటాం, మీరు అంచులో తీసేసుకుంటారు. అంతే తేడా" అంది.

అంతే. తర్వాత ప్రతి బ్యాచికీ నేను ఆ మాటే చెప్పాను.

ఇంకోసారి, కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన అబ్బాయి అడిగాడు, గాజు నిజానికి ద్రవమట కదా, పాత చర్చిల కిటికీలు వందల ఏళ్ళకి కిందికి జారి అడుగున లావయ్యాయట కదా అని. చాలామంది నమ్ముతారిది. గాజు అలా జారదు. ఆ రోజుల్లో పలకలు నోటితో ఊది, తిప్పి చేసేవాళ్ళు, అందుకని ఒకవైపు మందం ఒకవైపు పల్చన. నేను అలమారలోంచి పాత ఊదిన గాజు ముక్కొకటి తీసి అతని చేతిలో పెట్టాను. లోపల గాలిబుడగలు, అలలు. అతను దాన్ని కంటికి ఆనించుకుని మా మామిడిచెట్టుని ఎంతసేపు చూశాడో.

* * *

బాబాయిగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మొదటిరోజు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని గదంతా తిరిగి పనిముట్లన్నీ చూశారు. పట్టకార్లు తెరిచి మూసి చూశారు. వెళ్ళేటప్పుడు, "మీ పట్టకార్లకి నూనె లేదమ్మా" అన్నారు. మర్నాడు ఆయనే చిన్న డబ్బాలో తెచ్చారు.

టంకం పని చెప్పేరోజు ఆయనే మాకు మాస్టారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తగరం 232 దగ్గర. రెండూ కలిపి చేసే టంకం మాత్రం 183 దగ్గరే కరగడం మొదలవుతుంది. ఒక్కొక్కటి విడిగా ఉన్నప్పటికన్నా కలిస్తే తొందరగా మెత్తబడతాయి. ఇది చెప్పగానే బ్యాంకులో చేసే అక్క పక్కన కూర్చున్నావిడ వైపు చూసి నవ్వింది, ఎందుకో ఇద్దరికీ తెలుసు.

ఐరన్ మొన నల్లబడితే నవాసారం ముక్క మీద రుద్దేవాళ్ళం. బుస్సుమని తెల్లటి పొగ లేచి మొన అద్దంలా మెరిసేది. ఆ పొగ వాసనకి గదిలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి, "కళాయి!" అన్నారు. వీధిలో కళాయి పూసేవాడు గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు ఊది, ఇత్తడి గిన్నె ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తగరపు కడ్డీ తాకించి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెండి పరుచుకునేది. ఆ వాసనే ఇది. ఎవరి వీధి వాళ్ళు చెప్పుకున్నారు. కాకినాడ వీధి, కరీంనగర్ వీధి, నల్లకుంట వీధి. ఆ సాయంత్రం పని సగమే అయింది. నాకేమీ బాధనిపించలేదు. అసలు ఆ పని వాళ్ళ చిన్నప్పుడే వాళ్ళ కళ్ళముందు జరిగింది, నేను దానికి కొనసాగింపు చెబుతున్నానంతే.

సీసంతో పని కాబట్టి ఒక విషయంలో మాత్రం నేను కఠినంగా ఉండేదాన్ని. చేతులు సబ్బుతో రెండుసార్లు కడగనిదే ఏమీ నోట్లో పెట్టుకోకూడదు, గదిలో అసలే తినకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళని చేర్చుకునేదాన్ని కాదు, పురుడయ్యాక, పిల్ల పాలు మానాక రమ్మనేదాన్ని. పొగ పోయేందుకు గోడకి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. టీలూ బిస్కట్లూ మెట్లమీదే. కింద ఇరానీ హోటల్ నుంచి కుర్రాడు కెటిల్ తెచ్చేవాడు. నిజానికి స్నేహాలన్నీ ఆ మెట్లమీదే అయ్యాయి.

* * *

తెలుగులో గాజంటే అద్దమూ అదే, చేతి గాజూ అదే. నాకు దీని బరువు తెలిసింది ఒక పెద్దావిడ వల్ల. భర్త పోయి అప్పటికి చాలా ఏళ్ళయిందట. బోసి చేతులు. మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు, చక్కగా గీసేది, చక్కగా విరిచేది. నాలుగోవారం పాత బిస్కట్ల రేకు డబ్బా తెచ్చి బల్లమీద ఒంపింది. అన్నీ విరిగిన గాజు పెంకులు. పచ్చవి, ఎర్రవి, బంగారు చుక్కలవి.

"చిన్నప్పుడు ఏం చేసేవాళ్ళమో తెలుసామ్మా?" అని కొవ్వొత్తి అడిగింది. ఒక పెంకు రెండు చివరలూ వేళ్ళతో పట్టుకుని నడుముని మంటలో పెట్టింది. మేమంతా చుట్టూ మూగాం. ముందు మంట పసుపురంగుగా సాగింది, తర్వాత ఆ పచ్చగాజు మెల్లగా, నిద్రపట్టిన పిల్ల మెడలా వాలింది. చివరలు రెండూ దగ్గరయ్యాయి, కొక్కెంలా. చల్లారనిచ్చి దాంట్లోకి ఎర్రపెంకు దూర్చి, దాన్నీ కాల్చి వంచింది. ఒక గొలుసు కడియం, రెండు, మూడు. వేరే దేశాల్లో దీపంమంట మీద గాజు వంచే కళాకారులున్నారు, పుస్తకాల్లో చదివాను. మన పల్లెటూళ్ళ అరుగుల మీద లంగాలు కట్టుకున్న పిల్లలు చేసేది అదే పని. ఎవరూ దానికి పేరు పెట్టలేదు, అంతే.

ఆవిడ తన పలకకి ఆ పెంకులే అంచుగా పెట్టింది. ఒక్కొక్క పెంకుకీ రాగి టేపు చుట్టి, అగ్గిపుల్లతో నొక్కి, ఒకదాని పక్కన ఒకటి అతికింది. ఏడు వారాలు పట్టింది. ఎండలో పెట్టిన రోజు పక్కనున్న గోడమీద రంగులు పడ్డాయి. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఆ రంగులు పడ్డచోట చెయ్యి చాపింది. ముంజేతి మీద పచ్చా ఎరుపూ వరసగా పడ్డాయి. కాసేపు అలాగే ఉంచుకుంది.

* * *

ప్రతి బ్యాచినీ కోర్సు చివర్లో మెదక్ తీసుకెళ్ళేదాన్ని. వ్యానులో పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టుకుని పొద్దున్నే బయల్దేరేవాళ్ళం, ఎండ ఉన్నప్పుడే చేరాలి గనుక. 1914లో కరువు రోజుల్లో పాస్నెట్ అనే మిషనరీ దొర పని మొదలుపెట్టించి, పనికొచ్చినవాళ్ళకి అన్నం పెట్టి, పదేళ్ళకి పూర్తిచేయించిన చర్చి అది. 1924 క్రిస్మస్ రోజున తెరిచారు. మూడు పెద్ద కిటికీలూ మాత్రం తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో. మూడూ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ చేసినవి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ముప్ఫయ్యొక్క ఏళ్ళు. మధ్యలో ఒక ప్రపంచయుద్ధం, ఒక దేశానికి స్వాతంత్ర్యం.

ముందు బయటినుంచి చూపించేదాన్ని. బయటినుంచి చూస్తే ఏముంది, నల్లటి గాజు, సీసపు గీతలు. "ఇదేనా మేడం?" అనేవాళ్ళు. ఏమీ చెప్పకుండా లోపలికి తీసుకెళ్ళేదాన్ని. చెప్పులు విడిచి, చల్లటి నేలమీద నడుస్తూ, తలెత్తేదాకా. ఆ నిమిషం ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

బాబాయిగారు మాత్రం రంగులు కాదు, పసుపుని చూశారు. "ఈ బంగారు రంగు ఎలా వచ్చిందమ్మా?" అన్నారు. కిటికీల్లో ఇలాంటి పసుపు చాలావరకు వెండి నుంచి వస్తుంది. వెండి లవణాన్ని గాజు మీద పూసి ఆరొందల డిగ్రీల చుట్టుపక్కల కొలిమిలో కాలిస్తే, అది గాజులోకే దిగి పసుపవుతుంది. పైన అంటించిన రంగు కాదు కాబట్టి గోకితే పోదు. "వెండి పెడితే బంగారం ఇస్తుందా!" అని తిరుగు ప్రయాణంలో మేడ్చల్ వచ్చేదాకా అదే మాట.

* * *

క్లాసు ఎందుకు ఆగిందంటే చెప్పడానికి పెద్ద కథ లేదు. నా మణికట్టు అరిగింది. గాజుమీద అతికించే రంగు స్టిక్కర్లు వచ్చాయి. గుడికైనా హోటలుకైనా రెండు రోజుల్లో అతికించి వెళ్ళిపోతారు. ఒక ప్రదర్శనకి హాలు ఇస్తామన్నవాళ్ళు ముందురోజు రాత్రి కాదన్నారు. ఆ గందరగోళంలో మెట్లమీద నేనే ఒక పలకని అడ్డంగా పట్టుకుని దిగాను. నడిమికి పగిలింది. అది మా గాజుపెంకుల పెద్దావిడది. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇద్దరం కూర్చుని తిరిగి అతికాం, నెలన్నర పట్టింది. ఆ అతుకు కనపడుతూనే ఉంటుంది. అది తలుచుకుంటే నాకిప్పటికీ చేతులు చల్లబడతాయి.

* * *

బల్లమీది పలక బాబాయిగారిది. రైలు సిగ్నలు. వాలిన చెయ్యి, పక్కన రెండు కళ్ళు, వెనకాల సాయంత్రపు ఆకాశం. ఒక కన్నుకి ఎర్రగాజు ఆయన వెంటనే ఎంచుకున్నారు. రెండోదానికి నేను ఆకుపచ్చ తీసిస్తే వద్దని నీలం తీసుకున్నారు. సిగ్నలు ఆకుపచ్చ కదండీ అన్నాను.

"కిరసనాయిలు దీపం పసుపుగా మండుతుందమ్మా. దాని ముందు నీలం అద్దం పెడితేనే డ్రైవరుకి ఆకుపచ్చ కనపడేది. పచ్చది పెడితే సరిగ్గా అందదు. పాత సిగ్నళ్ళన్నీ అలాగే ఉండేవి" అన్నారు. నలభై ఏళ్ళుగా నాకు గాజు తెలుసనుకున్నాను, ఇది తెలియదు.

ఆయన ప్రతి ముక్క అంచునీ సానరాయి మీద నున్నగా రుద్దేవారు. సీసం పట్టీలోకి దూరిపోయే అంచది, ఎవరికీ కనపడదు. తోటివాళ్ళు మూడు ముక్కలు బిగించేసరికి ఆయన ఒకటి బిగించేవారు. "అక్కర్లేదు బాబాయిగారూ, లోపలికి పోతుందిగా" అని ప్రతివారం చెప్పేదాన్ని. "బ్రేకుల లోపలిభాగం కూడా కనపడదమ్మా" అనేవారు.

మొన్న పట్టీలన్నీ విప్పి ముక్కలన్నీ కాగితం మీద వరసగా పేర్చాను. ముప్ఫైనాలుగు ముక్కలు. పగిలినవి రెండే, ఆకాశంలోవి. నీలం కన్నుని తీసి అంచు వెంబడి వేలితో చుట్టూ తడిమాను. ఎక్కడా గీరుకోలేదు.

ఆయన కూతురు ఎదురుగా నిలబడి చూస్తోంది. సీసం పట్టీ కొత్తది తీశాను. బిగించే ముందు పట్టీని సాగదీయాలి, వంకర పోయి బిర్రుగా అయ్యేదాకా. ఒక్కరే చెయ్యడం కష్టం. ఆ రోజుల్లో ఇద్దరిద్దరు జతలుగా నిలబడి లాగేవాళ్ళు, పట్టు జారితే వెనక్కి పడతారని నేను వెనకాల నిలబడేదాన్ని.

"ఒక చెయ్యి వెయ్యగలవా అమ్మా?" అన్నాను.

పట్టకారు అందుకుంది. తెరిచి, మూసి చూసింది.

"కుడికాలు వెనక్కి పెట్టి నిలబడు. నేను చెప్పాక లాగు."